రాయి ఎదుట ఒక్క నిమిషం

మా బావ చెవి సంగతి చెప్పాలంటే ముందు నా నోటి సంగతి చెప్పాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాది మంచిది కాదు. ఎదుటివాడికి ఎక్కడ మండుతుందో చూసి సరిగ్గా అక్కడే మాట వేస్తాను. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వితే ఆ పూటకి నా కడుపు నిండినట్టే. ఈ మాయదారి గుణం చిన్నప్పటి నుంచీ ఉంది. మా అక్కను చేసుకున్న పాపానికి ఇరవై రెండేళ్లుగా అందులో ఎక్కువ వాటా మా బావకే దక్కింది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆయన నవ్వి ఊరుకునేకొద్దీ నేను రెచ్చిపోయేవాణ్ణి.

ఇద్దరం ఒకే షెడ్డులో పనిచేస్తాం. కాగితం కోసే యంత్రాలకూ తోలు కోసే యంత్రాలకూ బ్లేడ్లు చేసే షెడ్డు అది. పైన రేకులు, కింద నూనె మరకలు, వరసగా పద్నాలుగు సాన యంత్రాలు. ఒక్కొక్క దానికీ ఒక్కో సానరాయి. రాయి అంటాం గానీ నిజం రాయి కాదు. గరుకు పొడిని బంకతో కలిపి, కాల్చి చేసిన చక్రం, మధ్యలో బెజ్జం. అన్నం తినే కంచమంత ఉంటుంది, నాలుగైదు కిలోలు తూగుతుంది. నిమిషానికి రెండు వేల చుట్లు తిరుగుతుంది. అందులో కంటికి ఆనని నెర్రె ఒక్కటుంటే చాలు, తిరుగుతూ తిరుగుతూ ఫెళ్లున పగిలిపోతుంది. ముక్క తగిలినవాడి సంగతి ఇక చెప్పక్కర్లేదు.

అందుకని కొత్త రాయిని ఎక్కించే ముందు మోగించి చూడాలి. బెజ్జంలో ఇనుప కడ్డీ దూర్చి వేలాడదీసి, కొయ్య సుత్తితో నాలుగు చోట్ల కొట్టాలి. మంచి రాయి ఖంగుమంటుంది. నెర్రె ఉన్నది తడికుండ మీద కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. ఖంగుమన్న దాని మీద సుద్దముక్కతో గీత పెట్టాలి. మొద్దుగా పలికిన దాన్ని అక్కడికక్కడే ఇనుప సుత్తితో ముక్కలు చేయాలి, పొరపాటున కూడా ఇంకొకడి చేతికి పోకుండా. పదిహేడేళ్లుగా ఈ పని మా బావది. తలుపు పక్క మూలలో ముక్కాలి పీట వేసుకుని, కుడిచెవి రాయి దగ్గరకు వంచి, సుత్తితో ముద్దుగా కొట్టి వినేవాడు. షెడ్డులో అందరూ గంటయ్య అని పిలిచేవాళ్లు.

మా షెడ్డులో ఇంకో పద్ధతి ఉంది. అది ఇంకెక్కడా ఉండదు, ఉండకూడదు కూడా. కొత్త రాయి తిరిగే మొదటి నిమిషం దాని ఎదుట ఎవరూ నిలబడరాదని గోడ మీద కాగితం అంటించి ఉంది. ఆ కాగితం కిందే, పరీక్ష యంత్రానికి ఎదురుగా, నేల మీద సున్నంతో గుండ్రం గీసి ఉంది. రాయి బాగుందని చెప్పినవాడు ఆ గుండ్రంలో, తిరిగే రాయికి ఎదురుగా ఒక్క నిమిషం నిలబడాలి. ఎప్పుడో ఒకడు మోగించకుండానే గీత పెట్టాడట, ఆ రాయి పగిలి ఇంకొకడి దవడ ఎగిరిపోయిందట. చెప్పిన నోరే ముందు నిలబడాలని అప్పటి యజమాని ఈ పద్ధతి పెట్టాడు. మా బావ నిలబడేటప్పుడు కళ్లు కూడా మూసుకునేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని, బస్సు కోసం చూసేవాడిలా నిలబడేవాడు. ఆయన గీత పెట్టిన రాయి ఒక్కటీ పగల్లేదు.

ఆయన ఎడమచెవి చిన్నప్పుడు జ్వరంలో దెబ్బతింది. ఆ పక్క నుంచి ఎంత అరిచినా సగమే వినపడేది. ఉన్నదంతా కుడిచెవే. నిరుడు ఆ కుడిచెవి కారడం మొదలుపెట్టింది. దూది పెట్టుకుని నెట్టుకొచ్చాడు. దిండు గలీబు మీద మరకలు చూసి మా అక్క ఇల్లు పీకి పందిరేస్తే అప్పుడు వెళ్లాడు డాక్టరమ్మ దగ్గరికి. కర్ణభేరికి చిల్లు పడిందనీ, వేచి చూస్తే ఉన్న వినికిడి కూడా పోతుందనీ, చెవి వెనక నుంచి పల్చటి పొర తీసి ఆ చిల్లుకు అతికిస్తాననీ ఆవిడ చెప్పింది. అతుక్కుంటే ఇదివరకటికంటే బాగా వినపడుతుందని కూడా చెప్పింది.

అతుక్కుంటే. ఆ మాట అందరం విన్నాం, ఎవరం పట్టించుకోలేదు.

ఆపరేషన్ అయిన మర్నాడు ఇంటికొచ్చేటప్పుడు డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. మా అక్క దాన్ని వంటింటి తలుపుకి నాలుగు వైపులా టేపు వేసి అంటించింది. ఆరు వారాలు దుమ్ములోకీ పనిలోకీ పోకూడదు. తల కిందికి వంచకూడదు. నిండు బకెట్ ఎత్తకూడదు. చెవిలో చుక్క నీరు పడకూడదు. ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు బాగా తెరిచి తుమ్మాలి, ఆపుకోకూడదు. చెవి లోపల కుక్కిన గుడ్డ ఇరవై ఒకటో రోజున తీస్తారు. అసలు ఎంత వినపడుతుందో మూడు నెలలు గడిస్తేగానీ తెలియదు.

బావ ఆ కాగితాన్ని బళ్లో పిల్లాడు ఎక్కాలు చదివినట్టు రోజూ చదివేవాడు. నాలుక కుడిపక్క రుచి పోయిందనీ, ఏం తిన్నా ఇనుము నాకినట్టుందనీ అన్నాడు. లేచి నిలబడితే ఇల్లు ఒక పక్కకి జరిగినట్టుంటోందన్నాడు. ఇంకో చిత్రం కూడా చెప్పాడు. బయటి చప్పుడు ఒక్కటీ ఆ చెవిలోకి పోవట్లేదు గానీ, చెంచా పంటికి తగిలితే మాత్రం తలంతా ఖంగుమంటోందట.

"నీ తలలో ఏమీ లేదని ఎప్పుడో చెప్పానుగా బావా, అందుకే మోగుతోంది" అన్నాను. మా అక్క కూడా నవ్వింది ఆ మాటకి.

ఇక ఆయన తుమ్ము మా ఇంట్లో పెద్ద వేడుక అయిపోయింది. తుమ్ము వస్తోందనగానే రెండు చేతులూ గాల్లోకి లేపి, నోరు చెవుల దాకా తెరిచి, దాని కోసం కాచుకుని కూర్చునేవాడు. "జరగండి జరగండి, బావ నోట్లో పడిపోతారు" అని నేను అరిచేవాణ్ణి. పక్కింటి పిల్లలు కిటికీ ఎక్కి చూసేవాళ్లు. ఆయన మాత్రం ఒక్క తుమ్ము కూడా తప్పుగా తుమ్మలేదు. అంత భయభక్తులతో ఒళ్లు కాపాడుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇక్కడ షెడ్డులో మా తల ప్రాణం తోకకొచ్చింది. మోగించేవాడు లేకపోతే కొత్త రాయి ఎక్కించరాదు. అరిగిపోయిన పాత రాళ్ల మీదే బ్లేడ్లు పట్టి పట్టి అందరి మణికట్లూ వాచిపోయాయి. పదిహేడో రోజున మేస్త్రీ నన్ను పిలిచాడు. మేస్త్రీ కేకలు వేసే రకం కాదు, నవ్వుతూ కోసే రకం.

"మీ బావకి ఇంకా ఎన్నాళ్లు?"

"ఆరు వారాలన్నారు సార్."

"సోమవారం రమ్మను. రాకపోతే బయటి నుంచి మనిషిని తెస్తా. ఆ పీట మీద కొత్తవాడు కూర్చున్నాడంటే మళ్లీ లేవడు. నీ ఇష్టం, ఆయన ఇష్టం."

వెనక నుంచి మావాళ్లలో ఒకడు అందుకున్నాడు. పొట్టోడంటాం వాణ్ణి. "ఏరా, మీ బావకి మగపిల్లాడా, ఆడపిల్లా? ఇన్నాళ్ల పురుడేంట్రా?" షెడ్డంతా గొల్లుమంది. ఇన్నాళ్లూ నవ్వించినవాణ్ణి, నా మీద నవ్వితే ఒళ్లు మండిపోయింది. ఆ కోపం మూటగట్టి ఇంటికి తీసుకుపోయాను.

మర్నాడు ఆదివారం. బావ రెండు దిండ్ల మీద తల ఎత్తుగా పెట్టుకుని పడుకున్నాడు. ఆయనకు వినపడాలంటే ఆ సగం చెవిలోకి అరవాలి. అందుచేత నేను అన్నదంతా వీధి వీధీ విన్నది.

"చెవికి కోత పడితే కాళ్లూ చేతులూ పడిపోయాయా బావా?"

బావ లేచి కూర్చున్నాడు. మా అక్క వంటింట్లోంచి గరిట పట్టుకునే వచ్చింది. "ఏంట్రా ఆ మాటలు? డాక్టరమ్మ ఏం చెప్పిందో తలుపుకి అంటించాను కదా, కళ్లు దొబ్బాయా నీకు?"

"డాక్టరమ్మ వచ్చి మీ పొయ్యి వెలిగిస్తుందా? రేపు రాకపోతే పీట పోతుంది. పదిహేడేళ్ల పీట!"

"గుడ్డ ఇంకా తీయలేదురా" అన్నాడు బావ నెమ్మదిగా. "ఏమీ వినపడదు. వెళ్లి ఏం చేయను?"

"పీట మీద కూర్చో. ముందు ఆ పీట నిలబెట్టుకో. వినపడేది తర్వాత వినపడుతుంది. ఇలా బాలింతలా పడుకుంటే షెడ్డులో నా మొహం మీద ఉమ్మేస్తున్నారు."

చూశారా, అసలు విషయం అక్కడుంది. ఆయన పీట కోసం కాదు, నా మొహం కోసం. బావ మా అక్క వైపు చూశాడు. అక్క గరిట వంక చూసుకుంది. పీట పోతే ఏమవుతుందో ఆవిడకూ తెలుసు. అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయాడు మనిషి. కాసేపటికి మంచం దిగి, గోడ పట్టుకుని నడిచి, పని చొక్కా ఎక్కడుందని అడిగాడు.

పందొమ్మిదో రోజున, సోమవారం పొద్దున, చెవిలో కొత్త దూది పెట్టుకుని, దాని మీద పట్టీ వేసుకుని, బావ షెడ్డుకొచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయనకు వినపడలేదు గానీ చేతులు ఆడటం చూసి నవ్వాడు. మేస్త్రీ నన్ను ఆయనకి సాయంగా పెట్టాడు, రాళ్లు అందించడానికీ సర్దడానికీ.

మొదటి రాయి కడ్డీకి తగిలించాడు. కొట్టాడు. చెవి వంచాడు. మళ్లీ కొట్టాడు. తల అడ్డంగా ఊపి ఇనుప సుత్తి తీసుకుని పగలగొట్టాడు. రెండోది కూడా అంతే. మూడోదీ అంతే. గంటలో పదకొండు రాళ్లు ముక్కలయ్యాయి. మూలంతా తెల్లటి దుమ్ము లేచింది.

మేస్త్రీ వచ్చి ముక్కలు ఏరి చూశాడు. పాత నెర్రె ఉంటే విరిగిన చోట నల్లటి గీత కనిపిస్తుంది. పదకొండింట్లో ఒక్కదాంట్లోనూ గీత లేదు. అన్నీ ఉప్పుగల్లులా తెల్లగా విరిగాయి.

"అన్నీ మంచివే పగలగొట్టావు గంటయ్యా" అన్నాడు ఆయన చెవి దగ్గరకొచ్చి. "ఎందుకు?"

"నాకు ఖంగుమనలేదు సార్. ఖంగుమనకుండా బాగుందని ఎలా గీత పెట్టను?"

"అయితే చెవి పోయినట్టేగా. ఇంటికి పో."

అప్పుడైనా నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఆయన్ని వెంటబెట్టుకుని ఇంటికి తీసుకుపోవాల్సింది. గుడ్డ తీయడానికి ఇంకా రెండే రోజులు. కానీ షెడ్డంతా నా వైపే చూస్తోంది, ఏదో ఒకటి అంటానని.

"రాళ్లు కొట్టేది ఉంటే క్వారీలో చేరాల్సింది బావా, ఇక్కడికెందుకొచ్చావు?" అని అరిచాను.

నవ్వులు. పొట్టోడు బల్ల మీద చరిచాడు. బావ మొహం చిన్నబోయింది. తల దించుకోబోయి, వంచకూడదని గుర్తొచ్చిందేమో, నిటారుగా ఉండిపోయాడు. కాసేపు ఆ కడ్డీని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దాని కొసని పళ్ల మధ్య పెట్టుకుని, కొయ్య సుత్తితో ఒక్కటి కొట్టాడు.

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. ఇంట్లో చెంచా మోగిందన్నాడే, అదే ఇది. చెవి దారి మూసుకుంటే ఎముక దారిన వచ్చే మోత ఆయన తలలో అదిరిపోయింది. గోడకున్న కన్నంలో కడ్డీ ఒక కొస దూర్చాడు. రెండో కొస పళ్లతో కరిచిపట్టాడు. మధ్యలో రాయి వేలాడుతోంది. ఎడం చేత్తో రాయిని తిప్పుతూ కుడిచేత్తో నాలుగు చోట్ల కొట్టి, సుద్దతో గీత పెట్టాడు. వెళ్లి గుండ్రంలో నిలబడ్డాడు. రాయి నిమిషం తిరిగింది, నిక్షేపంగా ఉంది. రెండోదానికి తల అడ్డంగా ఊపి పగలగొట్టాడు. మేస్త్రీ పరుగున వచ్చి ముక్క తిప్పి చూశాడు. బెజ్జం పక్కనే వేలెడంత నల్లటి గీత!

"ఓరి నీ దుంపతెగ, గంటయ్యా!" అన్నాడు మేస్త్రీ. పద్నాలుగు యంత్రాల వాళ్లూ వచ్చి చుట్టూ మూగారు. మా బావ కడ్డీ నోట్లో పెట్టుకునే నవ్వాడు. నాకూ గర్వమేసింది. "మా బావ పళ్లు చూశారా, చెవులక్కర్లేదు" అని అందరికీ చెప్పాను.

అప్పుడు, పళ్లతో చూస్తున్నవాటిలో ఆరో రాయి. నేను ఆయన కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుని, గీత పెట్టిన రాళ్లను చెక్క మీద సర్దుతున్నాను. నా నడినెత్తి సరిగ్గా వేలాడే రాయి కిందే ఉంది. పొద్దుట్నుంచి పగిలిన రాళ్ల దుమ్ము ఆ మూలలో ఇంకా దిగలేదు. సుత్తి మోత ఆగింది. పైనుంచి ముక్కులోంచి ఏదో చిన్న చప్పుడు వచ్చింది, సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు. తలెత్తి చూశాను.

బావ మొహం ఎర్రగా కందిపోయి ఉంది. కణతల దగ్గర నరాలు ఉబ్బాయి. కళ్ల నిండా నీళ్లు. పళ్లు మాత్రం కడ్డీని బిగించి పట్టుకునే ఉన్నాయి, పెదవులు మూసే ఉన్నాయి.

"ఏం బావా, తుమ్ముకి కూడా తాళం వేశావా? ఇంట్లో మాత్రం కొట్టం తలుపులా తెరుస్తావు!"

మళ్లీ నవ్వులు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఆయన చేత్తో నా తలని పక్కకి నెట్టాడు. అప్పుడు రాయిని రెండు చేతులా పట్టుకుని, నోట్లోంచి కడ్డీ వదిలి, నెమ్మదిగా కిందికి దించాడు. ఆ తర్వాత చెవి మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. దూది తీసి చూసుకుంటే ఎర్రగా ఉంది. కొత్త దూది పెట్టుకున్నాడు. ఆరో రాయికి గీత పెట్టి, గుండ్రం దాకా గోడ పట్టుకుని నడిచి, నిమిషం పాటు అటూ ఇటూ ఊగుతూ నిలబడ్డాడు. పొట్టోడు ఆ ఊగడాన్ని కూడా చేసి చూపించాడు. ఆ రోజు, మర్నాడు ఆయన ఇరవై ఆరు రాళ్లు చూశాడు. మేస్త్రీ పీట మాట మళ్లీ ఎత్తలేదు.

ఇరవై ఒకటో రోజున బావనీ అక్కనీ డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆవిడ గుడ్డ తీసింది. దీపం పెట్టి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

"తుమ్మారా?" అంది, ఆయన ఎడమచెవి దగ్గర వంగి.

"తుమ్మానమ్మా."

"నోరు తెరిచేనా?"

బావ నా వైపు చూశాడు. ఆ ఒక్క చూపుతో నాకు మొత్తం అర్థమైంది. నోరు తెరిస్తే రాయి నా నెత్తి మీద పడేది. చేత్తో పట్టుకోవచ్చుగా అనొచ్చు మీరు. వచ్చిన తుమ్ము అంత వ్యవధి ఇవ్వదు. ఆ అరక్షణంలో ఆయనకు రెండే కనిపించాయి, ఆయన చెవి, నా తల.

"లేదమ్మా. మర్చిపోయాను" అన్నాడు.

అతికించిన పొర జారిపోయిందంది డాక్టరమ్మ. లోపల చీము పట్టిందంది. మా అక్క అక్కడే, ఆవిడ ముందే, భోరుమంది. "ఒక్కటంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోలేరా మీరు! రోజూ చదివారు కదండీ! నోరు తెరవడం కూడా చేతకాలేదా?" అని మొగుణ్ణి దులిపేసింది. బావ తలూపుతూ కూర్చున్నాడు. నేను కిటికీలోంచి బయట ఆగిన బళ్లు చూస్తూ నిలబడ్డాను. ఇప్పటికీ మా అక్కకి ఆయన మర్చిపోయాడనే తెలుసు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ మాట అని దెప్పుతుంది.

ఆ తర్వాత జ్వరం పట్టుకుంది. చీము లోపలికి, నరం దాకా పోయింది. నెలన్నర మంచం మీదే. తల తిప్పితే వాంతి. ఆస్పత్రిలో పన్నెండు రోజులు సూదులు. ఆరు వారాలు ఇంట్లో కూర్చోనివ్వని మనిషిని మూడు నెలలు కూర్చోబెట్టాను నేను. ఎంత వినపడుతుందో మూడు నెలలకు తెలుస్తుందని కాగితంలో రాసి ఉంది కదా. సరిగ్గా ఆ తేదీన మా అక్క ఆయన కుడిపక్కన నిలబడి పిలిచింది. గట్టిగా పిలిచింది. చెవి దగ్గర పళ్లెం మోగించింది. ఆయన గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాడు. కడ్డీ పళ్లతో పట్టుకుని కొట్టి చూసుకున్నాడు. పళ్లు జివ్వుమన్నాయట, అంతే. లోపల మోగాల్సింది ఇక లేదు. మళ్లీ కోసినా లాభం లేదని డాక్టరమ్మ చెప్పేసింది.

మేస్త్రీ పీట నాకిచ్చాడు. "మీ ఇంటి పీట మీ ఇంట్లోనే ఉండనీ" అన్నాడు, ఏదో మేలు చేసినట్టు. బావ వెళ్లి ఊడ్చే పనైనా ఇమ్మని అడిగాడు. మేస్త్రీ ఆయన్ని పైనుంచి కింద దాకా చూశాడు.

"ఊడ్చు. దాంతో పాటు నిలబడే పని కూడా చెయ్యి. నీ బామ్మర్ది మోగిస్తాడు, నువ్వు గుండ్రంలో నిలబడు. వాడు పీట మీంచి లేచి, నిలబడి, మళ్లీ కూర్చునేసరికి పొద్దు పోతుంది. నీకెలాగూ వేరే పని లేదు."

చెప్పిన నోరే నిలబడాలనేది మా పద్ధతి. నేను నిలబడతాను సార్ అని ఒక్క మాట అనాలి. ఇంత నోరున్నవాణ్ణి, కుక్కిన పేనులా ఊరుకున్నాను. దాచడమెందుకు, ఆ గుండ్రంలో నేను నిలబడక్కర్లేదని తెలియగానే నాకు హాయిగా అనిపించింది. థూ నా బతుకు.

బావే నాకు పని నేర్పాడు. ఎక్కడ కొట్టాలో, ఎంత ముద్దుగా కొట్టాలో చెయ్యి పట్టుకుని చూపించాడు. మోత ఎలా ఉండాలో మాత్రం చెప్పలేకపోయాడు. నాకు పదిహేడేళ్ల చెవి లేదు. ఏ రాయి కొట్టినా అనుమానమే. గుండ్రంలో నిలబడే మనిషిని తలుచుకుని, అనుమానం వచ్చినదల్లా పగలగొట్టాను. మొదటి వారం తొమ్మిది. మేస్త్రీ ముక్కలు తిప్పి చూసి, "మీ వంశానికే ఉంది ఈ జబ్బు. ఇంకోసారి తెల్లగా విరిగితే నువ్వూ మీ బావా కలిసి ఇంటికి పోండి" అన్నాడు నవ్వుతూనే.

ఆ మాట అన్న మర్నాడు వచ్చిందా రాయి. ఒక చోట ఖంగుమంది. రెండో చోట ఖంగుమన్నదో లేదో తెలియలేదు. మూడు, నాలుగు బాగున్నట్టే ఉన్నాయి. మళ్లీ రెండో చోట కొట్టాను. పద్నాలుగు యంత్రాల రొద. మేస్త్రీ నా వెనకే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పగలగొడితే తెల్లగా విరుగుతుందేమో. అలా విరిగితే ఇద్దరం ఇంటికే.

సుద్ద తీసుకుని గీత పెట్టాను.

బావ చీపురు గోడకి ఆనించి, నడిచి వెళ్లి గుండ్రంలో నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. పొట్టోడు రాయి ఎక్కించి మీట నొక్కాడు. నేను గడియారం వైపు చూడలేదు. ఆయన చొక్కా రెండో గుండీ వైపు చూస్తూ అరవై లెక్కపెట్టాను. నలభై దగ్గర లెక్క తప్పి మళ్లీ ముప్పై నుంచి మొదలెట్టాను. పొట్టోడు మీట ఎత్తాడు. రాయి నెమ్మదించి ఆగింది. ఏమీ కాలేదు.

బావ నా దగ్గరకొచ్చాడు. చెవి పోయినప్పటి నుంచి ఆయన గొంతు ఆయనకే తెలియదు, మామూలుగా మాట్లాడుతున్నాననుకుని అరుస్తాడు.

"అది నీకు సరిగ్గా మోగలేదు కదరా?"

తలూపాను.

"రెండోసారి కొట్టినప్పుడు నీ మొహం చూశాను. మోగలేదని తెలిసింది."

ఆయన ఎడమచెవిలోకి వంగి అరిచాను, నాకు ఏడుపొచ్చేస్తోంది. "తెలిసి ఎందుకు నిలబడ్డావు బావా? ఎందుకు నిలబడ్డావు?"

ఆయన నన్ను వింతగా చూశాడు, ఇందులో అడగడానికేముందన్నట్టు.

"నిలబడటానికి చెవి ఎందుకురా? కాళ్లూ చేతులూ పడిపోలేదు కదా. నువ్వే అన్నావుగా."

ఆయన ఎత్తిపొడవలేదు. అలా ఎత్తిపొడవడం ఆయనకి రాదు, అది నా విద్య. మేస్త్రీ "భలే చెప్పాడయ్యా గంటయ్య!" అని తొడ చరిచి నవ్వాడు. పొట్టోడు నవ్వాడు. షెడ్డంతా నవ్వింది, నా మాటకి నవ్వినట్టే.

నేను వెళ్లి ఆ రాయి దించి, నేల మీద పడేసి, ఇనుప సుత్తితో బలంకొద్దీ కొట్టాను. రెండు చెక్కలైంది. బెజ్జం నుంచి దాదాపు అంచు దాకా నల్లటి గీత. అంచుకి ఇంకా గోరంత మిగిలి ఉంది, అంతే. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మేస్త్రీ వచ్చి చూసి వెళ్లిపోయాడు.

బావ ఆ రెండు చెక్కలూ చేతుల్లోకి తీసుకుని గీతని వేలితో తడిమాడు. తర్వాత చీపురు తెచ్చి ఆ పొడి ఊడ్చి తట్టలో ఎత్తాడు.

"మీ అక్కకి చెప్పకు" అన్నాడు గట్టిగా, షెడ్డంతా వినపడేటట్టు. "ఇంకోటి మోగించు. పొద్దెక్కుతోంది."

చీపురు గోడకి ఆనించి, మళ్లీ వెళ్లి గుండ్రంలో నిలబడ్డాడు.